ఊతపదం

డిపోలో అందరూ అతన్ని ఉరుము అనేవాళ్ళు. ముక్కు మీద కోపం, దానికి తగ్గ గొంతు. ఇరవై రెండేళ్ళు సిటీ బస్సు నడిపాడు. ఆ ఇరవై రెండేళ్ళలో అతని నోటి వెంట అన్నిటికన్నా ఎక్కువగా వచ్చిన మాట "చంపేస్తా". టీ చల్లారితే చంపేస్తా, దోమ కుడితే చంపేస్తా, కండక్టరు విజిల్ ఆలస్యంగా ఊదితే చంపేస్తా. మనలో ఈ మాట అనని మగాడెవడో చూపించండి, దండం పెడతాను.

ఆ మధ్యాహ్నం సిగ్నల్ దగ్గర పార్సిళ్ళు చేరవేసే కుర్రాడొకడు బైకు మీద బస్సుకు అడ్డం తిరిగాడు. ఉరుము హారన్ మీద నుంచి చెయ్యి తియ్యలేదు. కుర్రాడికి ఒళ్ళు మండి, హెల్మెట్ తీసి బస్సు పక్క అద్దం పగలగొట్టాడు. గాజు ముక్క ఎగిరొచ్చి ఉరుము చెంప చీల్చింది. రక్తం చొక్కాలోకి కారుతుంటే కిటికీలోంచి సగం బయటికి వంగి అరిచాడు.

"ఆగరా! ఇవాళ నిన్ను చంపేస్తా!"

నలభై మంది ప్రయాణికులు విన్నారు. కాస్త దూరం పోయాక ఆ బైకు మళ్ళీ ముందుకొచ్చి, కావాలనే నెమ్మదించింది. కుర్రాడు వెనక్కి తిరిగి నవ్వాడు. బస్సు ఆగలేదు. ముందు చక్రం కింద బైకు నలిగిన చప్పుడు, వెంటనే ఇంకో చప్పుడు. ఆ రెండోది ఎలా ఉందో అతను ఎవరికీ చెప్పలేదు, నేనూ చెప్పను.

జనం అతన్ని జుట్టు పట్టి సీట్లోంచి కిందికి ఈడ్చారు. హెల్మెట్లతో కొట్టారు, బూటు కాళ్ళతో తన్నారు, ఒకడు ఇనుప రాడ్డుతో మోదాడు. రెండు పళ్ళు రోడ్డు మీద పడ్డాయి. మెడ కింది ఎముక విరిగింది. "చంపేస్తానన్నాడు, చంపాడు!" అని ఒకావిడ పోలీసులకి చెబుతుంటే, తారు మీద పడి వింటూనే ఉన్నాడు.

ఆ ఒక్క మాటతో కేసు మారిపోయింది. నిర్లక్ష్యంగా నడిపి ప్రాణం తీసిన కేసైతే రెండు మూడేళ్ళు. కావాలని చంపిన కేసైతే బతుకంతా లోపలే. పోలీసులు రెండోదే పెట్టారు.

జైల్లో కలవడానికొచ్చిన లాయరమ్మ వయసులో చిన్నది, మాట మాత్రం సూటి.

"బ్రేకు పట్టలేదని అనొద్దు. బండిని పరీక్ష చేశారు, బ్రేకు బాగానే ఉంది. తప్పంతా ఒప్పుకున్నారనుకోండి, జడ్జిగారికి పని తగ్గుతుంది, మీరు మాత్రం అయిపోతారు. మిగిలింది ఒకటే. నిర్లక్ష్యం ఒప్పుకుని, చంపాలన్న ఉద్దేశం లేదని పోరాడాలి. ఇప్పుడు నిజం చెప్పండి. నాతో చెప్పింది ఈ గది దాటదు. బ్రేకు ఎప్పుడు తొక్కారు?"

"ఆలస్యంగా తొక్కానమ్మా. భయపెడదామని కాస్త దగ్గరికి పోనిచ్చా. ఆగుతుందనుకున్నా."

"భయపెట్టడం వేరు, చంపడం వేరు. కానీ మీ నోటి నుంచి వింటే ఆ తేడా ఎవరికీ పట్టదు. నోరు మూసుకునే హక్కు మీకుంది. జీవితంలో ఒక్కసారి దాన్ని వాడండి." ఆమె ఫైలు మూసింది. "ఆ మాట మీకు ఊతపదమని చెప్పేవాళ్ళు కావాలి. మీ ఆవిడ వస్తారా?"

ఆవిడ వచ్చింది. కుట్టుమిషన్ ఆపేసి, ఉన్నవాటిలో మంచి చీర కట్టుకుని బోనెక్కింది.

"ఊతపదమేనండీ. పెళ్ళయి పందొమ్మిదేళ్ళు. రోజుకు నాలుగుసార్లు చంపారు నన్ను. ఇదిగో, బతికే ఉన్నాను."

కోర్టంతా నవ్వింది. జడ్జిగారు కూడా కాగితం అడ్డం పెట్టుకున్నారు. సర్కారు లాయరు మాత్రం నవ్వలేదు.

"ఆ మాట అన్నాక ఎప్పుడైనా మీ మీద చెయ్యి చేసుకున్నాడా?"

ఆమె చెయ్యి చెవి పైకి, జుట్టులోకి పోయింది. ఉరుము విసిరిన స్టీలు చెంబు తగిలి ఏడు కుట్లు పడిన చోటది. బాత్రూమ్‌లో జారిపడ్డానని డాక్టరుకు చెప్పింది. చివరి వరుసలో, చనిపోయిన కుర్రాడి తల్లి ముందుకు వంగింది.

"లేదండీ," అంది. "ఒక్కసారి కూడా లేదు."

నెల తర్వాత తీర్పు. ఉద్దేశం రుజువు కాలేదన్నారు, నిర్లక్ష్యానికి రెండేళ్ళు వేశారు. వరండాలో ఆ కుర్రాడి అన్న పోలీసుల్ని తోసుకొచ్చి, సరిగా అతకని ఎముక మీద పిడికిలి బిగించి గుద్దాడు. ఉరుము గోడకు జారగిలబడ్డాడు. అంత నొప్పిలోనూ సంతోషం ఆగలేదు, సిగ్గులేని ప్రాణం మరి. దగ్గరికొచ్చిన భార్య చెయ్యి పట్టుకున్నాడు.

"రెండేళ్ళేనే! చిటికెలో అయిపోతాయి. నన్ను బతికించావు."

ఆమె చెయ్యి విడిపించుకుంది.

"ఆ తల్లి చూస్తుండగా ప్రమాణం చేసి అబద్ధమాడాను. బయటికొచ్చాక ఎక్కడైనా బతుకు. నువ్వు మాత్రం నా ఇంటికి రాకు."

పెళ్ళయినప్పటి నుంచీ అతన్ని "మీరు" తప్ప అనని మనిషి ఆమె. అతను ఏదో అనబోయాడు. అప్పటికే ఆమె మెట్లు దిగి వెళ్ళిపోతోంది.