తొమ్మిదింటికల్లా తెర ఎత్తాలి

సిట్రస్ బెండ్ ట్రైలర్ పార్కులో, అంటే ఆ చక్రాల ఇళ్ల పేటలో, ఒక కట్టుబాటు ఉంది. రాత్రి పడుకునే ముందు వంటింటి కిటికీ తెర దించాలి, పొద్దున తొమ్మిదింటికల్లా ఎత్తాలి. తెర లేచిందంటే లోపలి మనిషి బతికి ఉన్నట్టు. లేవకపోతే వీధిపెద్ద వెళ్లి తలుపు కొట్టాలి. పలకకపోతే ఆఫీసుకి ఫోన్ చేయాలి, వాళ్లు తమ దగ్గరున్న రెండో తాళంచెవి తెచ్చి తలుపు తీస్తారు. ముసలివాళ్లు ట్రైలర్లలో ఒంటరిగా ఉండేచోట ఇంతకంటే మంచి కట్టుబాటు ఇంకేం కావాలి? స్నానాలగదిలో జారిపడ్డ ముగ్గుర్ని ఈ తెరే కాపాడింది.

నాలుగో వీధికి పదకొండేళ్లుగా పెద్ద ఆర్డిత్ లుండీన్. డెబ్భై నాలుగేళ్లు. ఉత్తర డకోటాలో ఒక బడి వంటింట్లో ముప్ఫై ఏళ్లు పనిచేసి, మొగుడు మెర్ల్‌తో కలిసి చలికాలాలకి టెక్సాస్ కొసకి రావడం మొదలుపెట్టింది. అతను పోయాక వెనక్కి పోలేదు. మెర్ల్ బూడిద ట్రైలర్ వెనకున్న గ్రేప్‌ఫ్రూట్ చెట్టు మొదట్లో కలిపింది. ట్రైలర్ ఆమెది, దాని కింద నేల మాత్రం కంపెనీది. ఆ ట్రైలర్‌కి యాభై ఏళ్లు. కదిలిస్తే విరుగుతుంది. విరక్కపోయినా అంత పాతదాన్ని ఇంకే పార్కూ లోపలికి రానివ్వదు. అంటే ఇక్కణ్ణుంచి పొమ్మంటే ఇల్లూ చెట్టూ మెర్లూ అన్నీ వదిలేసి పోవాలి.

పొమ్మంటారేమోనన్న భయం ఊరికే రాలేదు. గేటు దగ్గర "యాభై ఐదు నిండినవారికి మాత్రమే" అని బోర్డు ఉంది. ఆ బోర్డు నిలబడాలంటే పార్కులో ఉన్న వంద ఇళ్లలో కనీసం ఎనభై ఇళ్లలో ఒక్కొక్కరైనా యాభై ఐదు నిండినవాళ్లు ఉండాలి. రెండేళ్ల కిందట పాత యజమాని చనిపోతే డల్లాస్ కంపెనీ ఒకటి పార్కుని కొనేసింది. అప్పట్నుంచి ఎవరు పోయినా వాళ్ల ట్రైలర్ కంపెనీయే కొని కుర్రజంటలకి అద్దెకిస్తోంది. అలా ఇరవై అయ్యాయి. ఇంక ఒక్కటి తగ్గితే బోర్డు పీకేయొచ్చు, పాత ట్రైలర్లు ఊడ్చేయొచ్చు, కొత్తవి పెట్టి రెట్టింపు అద్దె గుంజొచ్చు. కంపెనీ ఎత్తు ఇదేనని అందరూ అనేవారు, రుజువు మాత్రం ఎవరి దగ్గరా లేదు. ఆర్డిత్‌కి రుజువులతో ఏనాడూ పని పడలేదు.

ఆ జనవరిలో వయసు కాగితాలు నింపే పని వచ్చింది. ఇంటికొకరు పుట్టిన తేదీ రాసి సంతకం పెట్టాలి, నెలాఖరుకి వీధిపెద్దలు పోగుచేసి ఆఫీసులో ఇవ్వాలి. ఆర్డిత్ పార్కంతా వేళ్ల మీద లెక్కేసింది. సరిగ్గా ఎనభై. ఆ ఎనభైలో ఎదురింటి వెండెల్ ఒకడు. చిక్కల్లా అతని దగ్గరే వచ్చింది.

వెండెల్ అక్టోబరు నుంచీ కనబడలేదు. వేసవి మిన్నెసోటాలో గడిపి, భార్య రెనీటా ఒక అర్ధరాత్రి కారు నడుపుకుంటూ వచ్చింది, కారులోంచి ఎవరెవరు దిగారో ఎవరూ చూడలేదు. అడిగితే "నడుం నొప్పండీ, పడుకునే ఉంటున్నారు" అంది. ఈ రెనీటా రెండో పెళ్లాం. వెండెల్‌కి డెబ్భై ఆరు, ఆవిడకి యాభై కూడా ఉండవని ఆర్డిత్ అంచనా. మొదటి భార్య కార్లిస్ ఆర్డిత్‌కి ప్రాణస్నేహితురాలు. ఆవిడ పోయిన పద్దెనిమిది నెలలకే ఈ కాఫీ హోటల్ పిల్ల ఎలా దిగబడిందని ఆర్డిత్ ఇప్పటికీ గొణుగుతుంది. సొంత కడుపుమంట కళ్లద్దాలతో చూస్తే ప్రతిదీ నల్లగానే కనిపిస్తుంది మరి.

అయినా చూసినదాంట్లో కొంత నిజంగానే వింతగా ఉంది. రోజూ పొద్దున ఆ ఇంటి తెర టంచనుగా లేస్తుంది. రెనీటా అరుగు మీదికి రెండు కాఫీ కప్పులు తెచ్చి పెడుతుంది. ఒక కుర్చీలో తను కూర్చుంటుంది. రెండో కుర్చీ ఖాళీ. కాసేపటికి రెండు కప్పులూ లోపలికి తీసుకుపోతుంది. ఎందుకీ నాటకం? ఎవరికి చూపించడానికి? పైగా మేనేజర్ కెస్లర్, ఆ ముప్ఫై ఆరేళ్ల నవ్వుమొహం, చిన్న బండి వేసుకుని రెండుసార్లు ఆ గుమ్మం ముందు ఆగాడు. ఒకసారి సంచీడు నారింజలు ఇచ్చాడు.

"నారింజలు!" అంది ఆర్డిత్ పక్కింటి లార్న్‌తో. "ఈ ఊళ్లో నారింజలు కొనుక్కునేవాడు కూడా ఉంటాడా? నేల మీద రాలి కుళ్లిపోతున్నాయి. అవి నారింజలు కావు, లంచం."

లార్న్ కెనడా మనిషి. ఎనభై ఏళ్లు, నోటికి తాళం లేదు. "పోలీసమ్మా, ఈ దేశంలో ఆరు నెలల మీద ఒక్కరోజు ఎక్కువుంటే మా సర్కారు నా ఆస్పత్రి కార్డు పీకేస్తుంది. నాకు ఆ లెక్కే సరిపోతోంది. ఎదురింటి నారింజలు నేనెక్కడ లెక్కపెట్టను?"

"నవ్వు, నవ్వు. బోర్డు పీకిన్నాడు నవ్వుదువుగాని."

ఆ మధ్యాహ్నం ఆర్డిత్ ఒక వల పన్నింది. మాంసం కీమా, పుట్టగొడుగుల సూపు, పైన బంగాళాదుంప బిళ్లలు పరిచి హాట్‌డిష్ చేసింది. మధ్యలో రెండు గుప్పెళ్ల బఠాణీలు దిట్టంగా కలిపింది. పద్నాలుగు చలికాలాల విందుల్లో వెండెల్ ఒక్క బఠాణీ నోట పెట్టిన పాపాన పోలేదు. ఒక్కొక్కటీ ఏరి పళ్లెం అంచున పేర్చేవాడు, కార్లిస్ తిట్టేది. రెనీటా తలుపు జానెడే తీసి గిన్నె అందుకుంది. మర్నాడు కడిగి తెచ్చిచ్చింది.

"వెండెల్ తిన్నాడా?"

"తిన్నారండీ. చాలా బాగుందన్నారు. బఠాణీలు వేశారు కదా, వదలకుండా తిన్నారు."

ఆర్డిత్ గిన్నె తీసుకుని నవ్వింది. లోపలికి వచ్చి తలుపేసుకుని "దొరికావే" అంది.

అదే వారం రెనీటా వయసు కాగితం ఇచ్చింది. వెండెల్ పేరు, పుట్టిన తేదీ, సంతకం. వెండెల్ ఎడమచేతివాడు, అక్షరాలు వెనక్కి వాలతాయి. ఈ సంతకం ముందుకి వాలింది. ఇక ఆర్డిత్‌కి నిద్ర లేదు. మొదట వెండెల్‌ని ఏమైనా చేసిందేమో అనుకుంది. తర్వాత ఏదో ముసలివాళ్ల ఆశ్రమంలో పడేసి వచ్చిందనుకుంది. చివరికి అన్నీ కలిపి ఒక కథ అల్లింది. ఈ దొంగ సంతకం కెస్లరే పెట్టించాడు. ఆఖరి రోజున దాన్ని పైకి తీసి, ఒకటి దొంగదైతే అన్నీ దొంగవేనని మొత్తం కాగితాలు చెత్తలో పారేస్తాడు. కాబట్టి వెండెల్ ఎక్కడున్నాడో తేల్చాలి. బతికుంటే అతని చేత అసలు సంతకం పెట్టించాలి. అప్పుడే పార్కు బతుకుతుంది. అనుమానం పెనుభూతమంటారు. ఆర్డిత్ దగ్గర అది భూతంలా కాక లాయరులా వాదించింది, అందుకే ఆవిడ నమ్మేసింది.

జనవరి ఇరవై ఎనిమిదిన తొమ్మిది దాటింది. ఎదురింటి తెర లేవలేదు.

రెనీటా పన్ను పీకించుకోవడానికి తెల్లవారకముందే సరిహద్దు వంతెన దాటి మెక్సికో వైపుకి వెళ్లింది. చవకని ఇక్కడివాళ్లంతా పంటి వైద్యానికీ మందులకీ అక్కడికే పోతారు. హడావుడిలో తెర మరిచిపోయింది. కారు లేకపోవడం ఆర్డిత్ చూసింది. రెనీటా ఫోన్ నంబరు తన ఫ్రిజ్ తలుపు మీద అంటించే ఉంది. చేయలేదు. వెళ్లి తలుపు మూడుసార్లు కొట్టింది. "వెండెల్! నేనే, ఆర్డిత్‌ని! పలుకు నాయనా!" పలకలేదు. కెస్లర్ మీద ఎంత అనుమానమున్నా రెండో తాళంచెవి ఉన్నది అక్కడే కాబట్టి ఆఫీసుకి ఫోన్ చేసింది.

కెస్లర్ రెండు నిమిషాల్లో వచ్చాడు.

"మీరు సంతకం పెట్టి అడిగితేనే తలుపు తీయగలనండీ ఆర్డిత్ గారూ. ఇక్కడ, ఈ గీత మీద."

పెట్టింది. అతను తాళం తీశాడు.

లోపల పడగ్గదిలో మంచం మీద ఒకవైపే పక్క నలిగి ఉంది. వంటింటి బల్ల మీద వెండెల్ టోపీ. దాని పక్కన అతని చెవి మిషన్లు చిన్న గిన్నెలో. ఆ పక్కన చెక్కపెట్టె. పెట్టె కింద మడతపెట్టిన కాగితం. ఆర్డిత్‌కి అటువంటి పెట్టె తెలుసు, మెర్ల్‌ని ఆమె చేతికి ఇచ్చింది కూడా అటువంటి దాంట్లోనే. కెస్లర్ కాగితం విప్పాడు. ఆగస్టు పంతొమ్మిది, దహనం జరిగినట్టు మిన్నెసోటా శ్మశానంవాళ్ల రసీదు.

"అయ్యో పాపం," అన్నాడు. అని, జేబులోంచి ఫోన్ తీసి కాగితానికి ఫోటో కొట్టాడు. రెండోది, కాస్త దగ్గర్నుంచి.

"ఫోటో ఎందుకూ?" అంది ఆర్డిత్.

"లెక్క సరిగా ఉండాలి కదండీ. ఆవిడ ఒక్కత్తే ఉన్నట్టయితే వయసు సరిపోదు. అద్దె కాగితాల్లో చూశాను. నాకూ కొంత అనుమానంగానే ఉంది, రెండుసార్లు వచ్చాను, లోపలికి రానివ్వలేదు. వీధిపెద్ద అడగందే మేం తలుపు తీయకూడదు." తాళంచెవి జేబులో వేసుకున్నాడు. "చాలా థాంక్సండీ."

చిన్న బండి వెళ్లిపోయింది. ఆర్డిత్ ఆ వంటింట్లోనే నిలబడిపోయింది. ఎనభైలోంచి ఒకటి తీసేస్తే ఎంతో బడి వంటమనిషికి ఎవరూ చెప్పక్కర్లేదు. వాడు నారింజలిచ్చి, నవ్వి, రెండుసార్లు వచ్చినా తెరుచుకోని తలుపుని ఆవిడే తెరిచి వాడి చేతిలో పెట్టింది. కొరివితో తల గోక్కోవడమంటే ఇదే. ఆ కాగితాన్ని మళ్లీ మడిచి పెట్టె కింద పెట్టింది.

రెనీటా మధ్యాహ్నానికి వచ్చింది, బుగ్గ వాచి, నోట్లో దూది. ఆర్డిత్ ఆ అరుగు మెట్టు మీదే కూర్చుని ఉంది. జరిగింది చెప్పేసింది, ఏదీ దాచలేదు, ఫ్రిజ్ మీద నంబరు సంగతి కూడా.

రెనీటా దూది తీసి గుప్పిట్లో పట్టుకుంది.

"నిద్రలోనే పోయారు," అంది. మత్తు దిగని నోటితో మాట ముద్దగా వచ్చింది. "మిన్నెసోటాలో మాకు ఇల్లు లేదు, వేసవికి అద్దె గదే. ఉన్నదల్లా ఈ ట్రైలరే. చెబితే తొంభై రోజుల్లో పొమ్మంటారు. అందుకే చెప్పలేదు."

"నాతోనైనా చెప్పొచ్చు కదే పిల్లా!"

"మీతోనా? ఆరేళ్లుగా నన్ను దొంగని చూసినట్టు చూస్తున్నారు. మీతో ఎలా చెప్పను?" రెనీటా గొంతు పెరిగింది. "మార్చి పదకొండు వస్తే నాకు యాభై ఐదు నిండుతాయి. తెలుసా? అప్పుడు నా పేరు మీదే కాగితం ఇద్దామనుకున్నాను. ఆరు వారాలు! ఆరు వారాలు ఊరుకోలేకపోయావా ఆర్డిత్? నీ కోసం కూడా కదా ఆ దొంగ సంతకం పెట్టింది? అందరి కోసం కదా?"

యాభై కూడా ఉండవని తను వెక్కిరించిన మనిషి యాభై ఐదుకి ఆరు వారాల దూరంలో ఉంది. పార్కంతా వేళ్ల మీద లెక్కేసిన ఆవిడ, ఈవిడ వయసెంతని ఒక్కసారీ మర్యాదగా అడిగి ఎరుగదు. రెనీటా లోపలికి వెళ్లి తలుపేసుకుంది.

ఫిబ్రవరి రెండో వారంలో ఇంటింటికీ ఉత్తరం వచ్చింది. ఏప్రిల్ నుంచి ఏ వయసువారైనా ఉండవచ్చు; పాత ట్రైలర్ల స్థలాల ఒప్పందాలు ఇక పొడిగించబడవు. దొంగ సంతకం పెట్టినందుకు రెనీటాకి నెలాఖరు వరకే గడువు. ఆ మధ్యాహ్నమే ఇద్దరు పనివాళ్లు వచ్చి గేటు దగ్గర బోర్డు విప్పి వ్యానులో పడేశారు. చూడ్డానికి జనం పోగయ్యారు. ఆర్డిత్‌తో ఎవరూ మాట్లాడలేదు. లార్న్ ఒక్కడే పక్కన నిలబడ్డాడు, ఈసారి పోలీసమ్మా అనలేదు.

"పద, ఎండగా ఉంది," అన్నాడంతే.

మర్నాడు పొద్దున ఆర్డిత్ మంచం దిగలేదు. ఎనిమిదయింది, తొమ్మిదయింది. తెర ఎత్తాలని లేదు. ఎత్తకపోతే మాత్రం ఏమవుతుంది? వీధిలో పన్నెండు తెరలు చూసేది ఆవిడే. ఆవిడ తెర చూడ్డానికి కట్టుబాటులో ఎవరినీ పెట్టలేదు. పదకొండేళ్లుగా ఆ సంగతి ఎవరికీ తట్టలేదు, ఆవిడకీ తట్టలేదు. చచ్చి పడున్నా వాసన వస్తేగాని తెలియదనుకుంది. గోడవైపు తిరిగి పడుకుంది.

తొమ్మిదీ రెండుకి తలుపు దబదబా మోగింది.

"ఆర్డిత్! బతికే ఉన్నావా?"

రెనీటా గొంతు. ఆర్డిత్ దుప్పటి తల మీదికి లాక్కుంది.

"పలుకుతావా, ఆఫీసుకి ఫోన్ చేయనా? ఆ నవ్వుమొహం వచ్చి నీ మంచానికి కూడా ఫోటో కొడతాడు!"

"బతికే ఉన్నాను," అంది ఆర్డిత్. దుప్పటి కప్పుకుని వెళ్లి తలుపు తీసింది. "నిన్నెవరు చూడమన్నారు నా తెర?"

రెనీటా రాత్రి దుస్తుల మీదే పరిగెత్తుకొచ్చింది. రొప్పుతోంది. చేతులకి సామాను కట్టే టేపు ముక్కలు అంటుకుని ఉన్నాయి.

"వెండెల్," అంది. "ఆయన ఆ అరుగు మీద కూర్చునేది నీ కిటికీ కోసం. రోజూ నీ తెర లేచేదాకా కాఫీ ముట్టేవారు కాదు. 'ఆ ముసల్ది అందర్నీ చూస్తుంది, దాన్నెవరు చూస్తారే' అనేవారు. ఆయన లేరని మానేయడం ఎందుకని ఆయన కప్పు కూడా పెట్టుకుని నేనే కూర్చుంటున్నాను."

ఆర్డిత్ ఎదురింటి అరుగు వైపు చూసింది. నాలుగు నెలలుగా ఆ రెండో కప్పుని నాటకమన్నది తనే.

"తెర ఎత్తు," అంది రెనీటా మెట్లు దిగుతూ. "నాకింకా పదహారు రోజులున్నాయి ఇక్కడ. రోజూ చూస్తాను."

ఆర్డిత్ వంటింట్లోకి వెళ్లి తాడు లాగింది. ఎదురుగా అరుగు మీద రెండు కప్పులూ ఉన్నాయి. రెనీటా కూర్చుని, ఇటు ఒకసారి చూసి, అప్పుడు తన కప్పు అందుకుంది.