నల్లరాతి గట్టు మీద ముగ్గు

ఈ సంగతి ఎప్పుడో రాసి ఉండాల్సింది. రాయడం రాక రాయలేదు. మనవరాలు పలక మీద దిద్దుతుంటే పక్కన కూర్చుని నేనూ దిద్దుకున్నాను, అప్పటికే నా తల సగం నెరిసింది. మొన్న కోడలు కొత్త వంటింటికి రాయి ఎంచాలని నన్ను ఖమ్మం తీసుకెళ్ళింది. ఇప్పుడంతా గ్రానైటు కాదట, క్వార్ట్జ్ అట. షాపాయన ఒక నల్లటి పలకను తడిగుడ్డతో తుడిచి, "చూడండమ్మా, ఏం పడ్డా కనపడదు" అన్నాడు. కోడలు మురిసిపోయింది. నేను ఆ పలక దగ్గర నుంచి పక్కకు జరిగాను. "ఏది బాగుంది అత్తయ్యా?" అని అడిగితే తెల్ల పలక మీద చెయ్యి పెట్టాను. తెల్లదే ఎందుకని ఎంచానో అక్కడ చెప్పలేకపోయాను.

ఎనభైల్లో మేము టేకులపల్లి అవతల, అడవిని ఆనుకున్న ఊళ్ళో ఉండేవాళ్ళం. మా ఆయనకు ఇల్లందు వైపు బొగ్గుబాయిలో పని. ఎవరో ఆఫీసరు క్వార్టర్‌లో నల్లరాతి వంటగట్టు చూసి వచ్చి, తన పెళ్ళాం కూడా నిలబడి వండాలని పట్టుబట్టాడు. అంతదాకా మా పొయ్యి నేల మీదే. పొద్దుగూకి తిన్నాక ఎర్రమట్టితో అలికి, బియ్యప్పిండితో ముగ్గు వేస్తే, దాని మీద చీమ నడిచినా కనపడేది. రాళ్ళు కోసే చోటికి నన్నూ తీసుకెళ్ళి, "నీకేది నచ్చిందో చెప్పు" అన్నాడు. బూడిదరంగు షాబాదు బండలు కూడా ఉన్నాయి, నాకవే నచ్చాయి. కానీ ఆయన చెయ్యి అప్పటికే నల్లపలక మీద ఉంది. ఇక నేను ఎంచేదేముంది? ఇంటికి తెస్తే మా అత్త తడిమి చూసి, "దినమంతా నల్లటి బాయిల ఉంటవు, ఇంటికొచ్చినా నలుపేనారా బిడ్డా?" అని నవ్వింది.

ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు. అత్తకు కళ్ళలో పొరలు కమ్మి ఉన్నాయి. అయినా తెల్లారి పొయ్యి ముట్టించే హక్కు ఎవరికీ ఇచ్చేది కాదు. ఉప్పుజాడీ తడుముకుని, దాని వెనక అగ్గిపెట్టె అందుకునేది. గట్టు కట్టిన సాయంత్రమే, "నల్లరాయి మీద నల్లపురుగు గిట్ల వస్తే ఎట్ల కనపడ్తదే?" అంది. పొద్దుగూకాక మా వైపు పాము పేరు ఎత్తరు, పురుగు అంటారు. ఆ మాటతో నాలో భయం మొదలైంది. గట్టు వెనక గోడకు నీళ్ళు పోయే తూము, తూము అవతల అడవి, పైగా వానాకాలం. ఆ కాలంలో ఇళ్ళల్లోకి వచ్చే కట్లపాముదీ ఆ రాయి రంగే. గిన్నె జరిపినా, గరిటె తీసినా నా చెయ్యి ముందు ఆగేది. కూర తాలింపు కన్నా మూలల మీదే నా చూపు.

ఆ నున్నటి రాయికి ఎర్రమట్టి అంటదు. అయినా ముగ్గులేని పొయ్యి అత్తకు సయించదు. అందుకని రోజూ రాత్రి తుడిచి ఆరబెట్టి, గట్టు మీద పొడిపిండితోనే ముగ్గు వేసేదాన్ని. "అద్దానికి ముగ్గేస్తున్నరు అత్తాకోడండ్లు" అని మా ఆయన బాయిలో కూడా చెప్పి నవ్వించాడట.

ఒకరోజు తెల్లారుజామున వాన. కరెంటు లేదు. అత్త నాకన్నా ముందే వంటింట్లోకి పోయింది. నేను కందిలి పట్టుకుని గడప దాటేసరికి గట్టు మీద పిండి కనపడింది. తూము వైపు నుంచి అటొక వంపు, ఇటొక వంపు, బొటనవేలంత వెడల్పున ముగ్గు చెరిగి ఉంది. ఆ చెరుపు ఉప్పుజాడీ వెనక్కి పోయింది. అక్కడి నుంచి బయటికి వచ్చిన జాడ లేదు. అప్పటికి నాకు అ ఆలు రావు, కానీ ఆ గీత చదివాను. అత్త చెయ్యి జాడీని దాటి అగ్గిపెట్టె వెతుకుతోంది. వెళ్ళి ఆమె మణికట్టు పట్టి లాగాను.

"ఏందే, చెయ్యి ఇరుస్తవా?"

"అత్తా, ముగ్గు చెరిగింది."

అత్త వెంటనే నా భుజం పట్టుకుంది. గడప దగ్గరికి వెనక్కి నడిచి, ఇద్దరం ఒకరినొకరు పట్టుకుని నిలబడ్డాం. జాడీ మీద నుంచి చూపు తిప్పితే అది ఎటు పోతుందోనని రెప్ప వెయ్యలేదు. మా ఆయన డ్యూటీ దిగి వచ్చేదాకా అట్లాగే ఉన్నాం. ఆయన కర్రతో జాడీ జరిపాడు. రాయిలోంచి ఒక ముక్క ఊడి కదిలినట్టయింది. జారి తూములోకి పోయింది. రోజూ బాయి లోపలికి దిగే మనిషి, గడప మీద కాళ్ళు పైకి ముడుచుకుని కూర్చున్నాడు. ఆ పూట వాకిట్లో మూడు రాళ్ళ మీద వండుకున్నాం. తూముకు రాయి అడ్డం పెట్టినా, అది లోపల లేదని నమ్మకం కుదరలేదు.

మర్నాడు పొద్దున్నే సున్నం కలిపి, ఈతకుంచెతో గట్టంతా తెల్లగా పూశాను. అంత మురిపెంగా తెచ్చిన రాయి. ఆయనే సున్నం కుండ వంచి పట్టుకున్నాడు. ఆరాక అత్త అరచేత్తో తడిమి, "తెల్లగ అయిందా?" అంది. "అవ్ అత్తా, తెల్లగనే ఉంది" అన్నాను. కాలం అన్నిటినీ కప్పుతుందంటారు గానీ, అది నున్నటి రాయి మీద సున్నంలాంటిదే. కొన్నాళ్ళకు పెచ్చు లేచిపోతుంది, కింద నలుపు అట్లాగే ఉంటుంది.