ఆఖరి మనిషి, అయిదూ నలభై అయిదు

మిల్లులో అతన్ని పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. పెద్దవాళ్ళకి గడియారం, చిన్నవాళ్ళకి గడియారం బాబాయ్. ఆలస్యంగా వచ్చి సగం రోజు పోగొట్టుకున్నవాళ్ళకి మాత్రం ‘ఆ గడియారం గాడు’. ఇరవై ఆరేళ్ళుగా టైమాఫీసులో గుమాస్తా. ఆఫీసంటే పెద్దగా ఊహించుకోనక్కర్లేదు. ఆడవాళ్ళ గేటు పక్కన, నిలబడి చేతులు చాపితే రెండు గోడలూ తగిలే గది. ఒక కిటికీ, దానికి కమ్మీలు, కమ్మీల అవతల కార్డుల మిషను. వచ్చేవాళ్ళూ పోయేవాళ్ళూ అందులో కార్డు దూరిస్తే టక్కున టైము పడుతుంది. ఆ టైముని రిజిస్టర్లోకి ఎక్కించడమే అతని పని.

ఆ పని అతని ఒంట్లోకి పాకిపోయింది. ఇంట్లో కంచం ముందు కూర్చుని, “నిన్న ఏడూ పదికి వడ్డించావు, ఇవాళ ఏడూ ఇరవై రెండు,” అంటాడు. “రాసిపెట్టండి, నేను పోయాక చదువుకుంటూ కూర్చోవచ్చు,” అంటుంది భార్య. అతనికి అది వేళాకోళమని అర్థం కావడానికి ఇంకో రెండు నిమిషాలు పడుతుంది.

ఆ ఉద్యోగం అక్క ఇప్పించింది. తండ్రి పోయేనాటికి అతనికి తొమ్మిదేళ్ళు, అక్కకి పదహారు. ఆ నెలలోనే ఆమె దారం చుట్టే సెక్షన్లో చేరింది. తమ్ముణ్ణి చదివించింది, పెళ్ళి చేసింది. తన పెళ్ళి సంగతి ఎవరూ ఎత్తలేదు, ఆమే ఎత్తనివ్వలేదు. టైమాఫీసులో ఖాళీ పడిందని తెలిసి మూడు రోజులు మేనేజరు గది ముందు నిలబడింది. “మా వాడికి లెక్కలు బాగా వచ్చు సార్. అబద్ధం చెప్పడం బొత్తిగా రాదు,” అంది. మేనేజరు నవ్వాడు. ఉద్యోగం వచ్చింది.

అక్క మాట అక్షరాలా నిజం. అతను ఎన్నడూ తప్పు టైము రాయలేదు. అక్క నాలుగు నిమిషాలు ఆలస్యంగా వచ్చిన రోజున నాలుగు నిమిషాలనే రాశాడు. ఆమె కూడా, “మరి రాయవా ఏంట్రా,” అంది. అతను చేసిన చెడ్డపని కూడా నిజం చెప్పే చేశాడు. అందుకే అది చెడ్డపని అని ఒప్పుకోవడానికి అంతకాలం పట్టింది.

ఓ సెలవు రోజు బావమరిది వచ్చాడు. భార్యకి తమ్ముడు. అధికార పార్టీ ఆఫీసులో తిరుగుతుంటాడు. జుట్టుకి రంగు, చొక్కాకి గంజి, జేబులో రెండు ఫోన్లు. కాఫీ తాగుతూ మాట కదిపాడు.

“బావా, పోలింగ్ వేళలు మార్చే సవరణ ఒకటి సభలో పెడుతున్నారు. పొద్దున్న ఏడు నించి రాత్రి ఎనిమిది దాకా అంటే సిబ్బందికి నరకంగా ఉందట. మీ మిల్లు జనం ఎప్పుడు బయట పడతారో పెద్దాయన కనుక్కోమన్నాడు.”

“అయిదింటికి సైరన్.”

“సైరన్ సంగతి ఊరంతటికీ తెలుసు. మనుషులు ఎప్పుడు బయట పడతారు?”

ఇరవై ఆరేళ్ళలో అతన్ని ఈ ప్రశ్న అడిగినవాడు లేడు. గడియారం మొహం వెలిగిపోయింది. కుర్చీ ముందుకి లాక్కున్నాడు.

“అలా అడుగు. అయిదింటికి మిషన్లు ఆగుతాయి. పది నిమిషాలు దూది దులుపుకోవడం. అయిదూ పదికి వరస మొదలు. దారం కండెలు దాచుకుపోతారని ఒక్కొక్కళ్ళనీ తడిమి చూసి వదులుతారు. మగవాళ్ళ గేటు దగ్గర నలుగురున్నారు, పావుగంటలో అయిపోతుంది. ఆడవాళ్ళు రెండు వందల పన్నెండు మంది, తడిమే మనిషి ఒక్కతే. నిమిషానికి ఆరుగురు.”

“నదొడ్డున మిల్లులన్నీ ఇంతేనా?”

“ఏడు మిల్లులకీ ఒకటే పద్ధతి.”

“అయితే ఆరింటికి పోలింగ్ మూసేశారనుకో. ఎంతమంది అందుకోలేరు?”

ఎంతమంది అందుకుంటారు అని అడగలేదు. ఎంతమంది అందుకోలేరు అన్నాడు. ఆ మాట గడియారం చెవిన పడింది. పడలేదని తర్వాత చాలా రోజులు తనకి తాను చెప్పుకున్నాడు గానీ, పడింది. మిల్లువాడ ఓట్లు ఎప్పుడూ ఆ పార్టీకి పడవన్న సంగతి కూడా అతనికి తెలియనిది కాదు.

“తేల్చి చెప్పాలంటే మూడు రోజులు కావాలి,” అన్నాడు.

ఆ మూడు రోజులూ సాయంత్రం టైమాఫీసు పక్క గుమాస్తాకి అప్పజెప్పి, అక్కతో కలిసి మిల్లు నించి నడిచాడు. పోలింగ్ జరిగే బడి అక్క ఉండే సందు మొదట్లోనే ఉంది. అక్కే ఎందుకంటే, గేటు దగ్గర ఆడవాళ్ళు తమలో తాము పెట్టుకున్న వరస ఒకటుంది. పసిపిల్లల తల్లులు ముందు, చిన్నపిల్లల్ని ఎవరికో అప్పగించి వచ్చినవాళ్ళు తర్వాత, ఆపైన మిగతావాళ్ళు. అందరికంటే వెనక అక్క. “నా కోసం ఎదురుచూసేవాళ్ళెవరే, పదండి మీరు,” అంటుంది రోజూ. కాబట్టి ఆఖరి మనిషి టైము కావాలంటే అక్క టైము చూస్తే చాలు.

ఎర్ర సిరా, నీలం సిరాలతో గీతలు కొట్టి పట్టిక తయారుచేశాడు. ఇంత పొందికైన కాగితం తన జన్మలో రాయలేదు. ‘ఆఖరి మనిషి: గేటు 5.45. నడక 12 నిమిషాలు. బడి 5.57.’ కింద గమనిక: ‘ఆరుకి మూసినచో అందరూ అందుకొందురు. మూడు నిమిషములు మిగులును. అయిదున్నరకి మూసినచో ఆడవారిలో 48 మంది మాత్రమే.’ రెండో వాక్యం ఎవరూ అడగలేదు. పట్టిక పూర్తిగా ఉండాలని రాశాడు. అలవాటు చొప్పున కార్బన్ పెట్టి ఒక నకలు బీరువాలో దాచుకున్నాడు.

రెండు నెలల తర్వాత పేపర్లో సవరణ వచ్చింది. సిబ్బంది భద్రత దృష్ట్యా పోలింగ్ ఉదయం ఎనిమిది నించి సాయంత్రం అయిదున్నర వరకు. అయిదున్నరకి ఆవరణ లోపల ఉన్నవాళ్ళకే ఓటు. మిల్లులో పని మొదలయ్యేది ఎనిమిదికి. మధ్యాహ్నం అరగంట తిండి వేళలో గేటు తెరవరు. ఓటు రోజని మిల్లుకి సెలవిచ్చే పద్ధతి అక్కడ ఎప్పుడూ లేదు, రాత్రి ఎనిమిది దాకా టైముండేది కాబట్టి ఎవరూ అడగనూ లేదు.

గడియారం ఆ వార్త రెండుసార్లు చదివాడు. బావమరిదికి ఫోన్ చేశాడు.

“చట్టం చేసింది సభ బావా, నువ్వా? నువ్వు టైము చెప్పావు. ఎవరైనా టైమెంతయిందంటే చెప్పడం నేరమా?”

ఆ మాట పట్టుకుని కొన్ని వారాలు నెట్టుకొచ్చాడు. నిద్ర కూడా పట్టింది.

పోలింగ్ రోజున అయిదూ పదికి ఆడవాళ్ళ వరస కదిలింది. తడిమి చూడ్డానికి ఇంకో మనిషిని పెట్టమని సెక్యూరిటీ ఆఫీసరుని అడుగుదామని గడియారం రెండుసార్లు లేచాడు. నీకెందుకంత ఆత్రం అంటే ఏం చెప్పాలి? రెండుసార్లూ కూర్చున్నాడు. బయట వరసలో ఎవరో అంటున్నారు:

“అక్కా, ఇవాళొక్కరోజూ నువ్వు ముందెళ్ళు. ఇన్నేళ్ళలో ఒక్క ఓటు తప్పలేదు నీకు.”

“ఇవాళ పిల్లలకి ఆకలెయ్యదా ఏంటే? కదులు, మాటలు తర్వాత.”

అక్క కార్డు మీద టైము పడింది. అయిదూ నలభై అయిదు. కిటికీలోంచి తమ్ముడి వైపు చూసి, “పోతున్నాన్రా,” అని పరుగులాంటి నడకతో వెళ్ళింది. అతను రిజిస్టర్లో తల దూర్చాడు.

మర్నాడు పొద్దున్నే కిటికీ దగ్గరికొచ్చింది. “బడి గేటుకి తాళం వేసేశార్రా. కమ్మీలు పట్టుకుని నిలబడ్డాం. లోపల లైట్లు వెలుగుతున్నాయి, మనుషులు తిరుగుతున్నారు, మాతో ఒక్కడు మాట్లాడడు. యాభై ఒక్కళ్ళు వేశారంతే.”

నలభై ఎనిమిది కదా, అనుకున్నాడు మనసులో. ముగ్గురి తేడా ఎలా వచ్చిందో తర్వాత తెలిసింది. వరసలో వాళ్ళ వెనకున్న ముగ్గురు తల్లులు చెప్పులు చేత్తో పట్టుకుని పరిగెత్తారట. అతని లెక్కలో పరుగు లేదు.

అక్కడ అధికార పార్టీ తొమ్మిది వందల ఓట్ల తేడాతో గెలిచింది. ఏడు మిల్లుల ఆడవాళ్ళు కలిసి కోర్టుకెక్కారు. కాగితం మీద మొదటి సంతకం అక్కది. ఓ ఆదివారం ఆమె ఒక పడుచు వకీలుని వెంటబెట్టుకుని అతనింటికి వచ్చింది.

“వాళ్ళ వాదన ఒక్కటేనండీ,” అంది వకీలు. “మిల్లు జనం ఎప్పుడు బయటికొస్తారో మాకెలా తెలుస్తుంది, ఏదో ఒక టైము పెట్టాలి కాబట్టి పెట్టాం అంటున్నారు. తెలిసే పెట్టారని చూపించే కాగితం మా దగ్గర ఒక్కటీ లేదు.”

“కాగితాలకేం, మా తమ్ముడున్నాడుగా,” అంది అక్క. “వీడి టైముకి తిరుగులేదు. అబద్ధం చెప్పడం బొత్తిగా రాదు వీడికి.”

గేటు టైములు రాసిస్తానన్నాడు. వాళ్ళు మెట్లు దిగేదాకా గుమ్మం పట్టుకుని నిలబడ్డాడు.

“బీరువాలో కాగితం మాటేంటి?” అంది భార్య వెనక నించి.

“నీకెలా తెలుసు?”

“చీరలు పెట్టుకునేది నేనేగా. వాడు నా తమ్ముడు. ఆవిడ మీ అక్క. నన్ను మాత్రం అడక్కండి.”

అడక్కముందే ఆమె తమ్ముడు ఫోన్ చేశాడు. కేసు సంగతి తెలిసింది, నకలు గికలు ఉంటే చించెయ్యి బావా అన్నాడు. ఊరికే అనలేదు. మిల్లు లోపలి సంగతులు బయటికిచ్చావంటే నీ ఉద్యోగం ఊడుతుంది, పింఛనుకి ఇంకా నాలుగేళ్ళే కదా, ఆలోచించుకో అని కూడా అన్నాడు. గడియారం కాగితం తీసి రెండు చేతులతో పట్టుకున్నాడు. చించలేకపోయాడు. అది మంచితనమేమీ కాదు. ఇరవై ఆరేళ్ళుగా ఒక్క రికార్డు కాగితం కూడా చించని చేతులు, కదల్లేదు, అంతే. మళ్ళీ చీరల కిందే పెట్టాడు. ఇంకో పదకొండు రోజులు అది అక్కడే ఉంది. ఆ పదకొండు రోజులూ అక్క కిటికీ దగ్గర ఆగి, “టైములు రాశావురా?” అని అడుగుతూనే ఉంది.

పన్నెండో రోజు సెలవు. పొద్దున్నే కాగితం మడిచి జేబులో పెట్టుకుని అక్క గదికి వెళ్ళాడు. ఒకటే గది, ఒకటే మంచం, గోడకి మిల్లువాళ్ళిచ్చిన గడియారం. అక్క మోకాళ్ళకి నూనె రాసుకుంటోంది.

“రా. తెచ్చావా?”

ఇచ్చాడు. అక్కకి అక్షరాలు కూడబలుక్కోవాలి గానీ అంకెలు బాగా వచ్చు. కిటికీ వెలుగులో పట్టుకుంది.

“ఎంత ముచ్చటగా రాశావురా! ఈ ఆఖరి మనిషెవరు?”

“నువ్వే.”

“అవునవును, అయిదూ నలభై అయిదు. నిన్న రాశావా?”

“సవరణకి ముందు. వాళ్ళు అడిగితే రాశాను. ఇది నకలు. అసలు కాగితం బావమరిది పట్టుకెళ్ళాడు. ఆరంటే అందరూ అందుకుంటారని నేనే రాశాను. అయిదున్నర కూడా నేనే రాశాను, అక్కా.”

అక్క కాగితం దించలేదు. తర్వాత వేలు ఒకచోట పెట్టింది.

“ఈ పన్నెండేంటి?”

“నడక.”

“నడక పన్నెండు నిమిషాలని నీకెలా తెలుసు?”

అతను గోడ గడియారం వైపు చూశాడు.

“ఆ మూడు రోజులా?” అంది అక్క. “మోకాళ్ళు నొప్పులంటున్నాను కదా, తోడొస్తున్నావనుకున్నాను. మా తమ్ముడు రోజూ దిగబెడుతున్నాడే అని సెక్షన్ అంతా చెప్పుకున్నాను.”

తిట్టి ఉంటే బాగుండుననుకున్నాడు. తల కొట్టేసినట్టయింది. అక్క కాగితం మడతల మీదే మడిచి అతని జేబులో పెట్టింది. నూనె వేళ్ళ ముద్ర పడింది దాని మీద.

“వెళ్ళి ఆ వకీలమ్మాయికివ్వు. ఎవరడిగారో, ఎందుకడిగారో, నీకెంత తెలుసో చెప్పు. నీకేమీ తెలియదని మాత్రం చెప్పకు.”

“ఉద్యోగం పోతుందక్కా.”

“పోతే పోతుంది. ఇప్పించింది నేనేగా.”

వకీలు గదిలో కూర్చుని నాలుగు పేజీలు రాశాడు. ‘ఎంతమంది అందుకోలేరు’ అన్న మాట దగ్గర కలం ఆగింది. ఆ మాట విన్నాననీ, విని ఊరుకున్నాననీ రాశాడు. సంతకం కింద తేదీతో పాటు టైము కూడా వేశాడు.

ఉద్యోగం పూర్తిగా పోలేదు. టైమాఫీసు నించి తీసి గోడౌన్లో పడేశారు. అక్కడ అతని చేత ఎవరూ టైము రాయించరు. బావమరిది ఇంటికి రావడం మానేశాడు. భార్య ఆ సంగతి ఎత్తదు, కంచం మాత్రం కాస్త చప్పుడుగా పెడుతుంది. కేసు ఇంకా నడుస్తోంది. వచ్చే ఎన్నికల్లోపు తేలుతుందో లేదో వకీలు చెప్పలేనంటోంది.

అక్క అతనితో మాట్లాడ్డం లేదు. ఇప్పటికీ అందరికంటే వెనకే బయటికొస్తుంది. అతను రోడ్డు అవతల నిలబడి ఉంటాడు. ఆమె చూస్తుంది, ఆగదు. పది అడుగులు వెనక అతను నడుస్తాడు, సందు మొదటి దాకా. రావద్దని ఆమె అనలేదు. ఆమె గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాక వెనక్కి తిరుగుతాడు.

మోకాళ్ళు ముదిరాయి. ఇప్పుడా నడకకి పద్నాలుగు నిమిషాలు పడుతోంది. లెక్కపెట్టకూడదనే బయల్దేరతాడు రోజూ. సందు మొదటికి వచ్చేసరికి లెక్క తయారుగా ఉంటుంది.