సూదిమందు మీద నా ఫిర్యాదు

ఈ సంగతి మీద నేను ఆరోగ్యశాఖకు నాలుగు ఉత్తరాలు రాశాను. మొదటిదానికి, అందిందని ఒక అచ్చు కాగితం వచ్చింది. మిగతా మూడింటికి అదీ రాలేదు. మన తెలుగువాళ్ల ఉగాది సభలో చెప్పబోతే మైకు పట్టుకున్న పెద్దమనిషి, "భోజనాలయ్యాక మాట్లాడుకుందాం అంకుల్" అన్నాడు. నాకప్పుడు ముప్పై నాలుగేళ్లు, ఆయనే నాకంటే పెద్ద. భోజనాలయ్యాక ఆయన బస్సెక్కి వెళ్లిపోయాడు. ఇంట్లో ఈ మాట ఎత్తితే టీవీ శబ్దం పెంచుతారు. అందుకని రాస్తున్నాను.

కంప్యూటర్ చదివిన ప్రతివాణ్ణీ విమానం ఎక్కిస్తున్న రోజులవి. నేను సింగపూర్‌లో, జురాంగ్ ఈస్ట్ అనే చోట ఒక కంపెనీలో పాత ప్రోగ్రాములు సరిచేసేవాణ్ణి. కొత్త శతాబ్దం వస్తే కంప్యూటర్లలో తేదీలు తప్పిపోతాయని అందరూ భయపడుతున్నారు. ఆ భయమే నా జీతం. మా బావమరిది, అంటే నా భార్య తమ్ముడు, సెంబవాంగ్‌లో ఓడల యార్డులో పరంజాలు కట్టేవాడు. నాకు జ్వరం వస్తే ఆఫీసువాళ్లు త్వరగా కోలుకోమని కార్డు పంపేవారు. వాడికి జ్వరం వస్తే సూపర్‌వైజరు పేరు రాసుకునేవాడు. డాక్టరు ఇచ్చే సెలవు చీటీని అక్కడ ఎమ్సీ అంటారు. ఏడాదిలో మూడు ఎమ్సీలు పడితే, అక్కడ పని చేసుకోనిచ్చే పర్మిట్ పొడిగించరని యార్డులో మనవాళ్లందరూ నమ్మేవారు. నిజమో కాదో తేల్చుకునే ధైర్యం ఎవరికీ లేదు.

అందుకే వాళ్లకు డాక్టరు మావ కావలసివచ్చాడు. ఆయన డాక్టరు కాదు. మా శ్రీకాకుళం వైపు ఒక ఆస్పత్రిలో కాంపౌండరుగా పనిచేసి, తర్వాత యార్డులో రంగులు వేసే పనికి వచ్చినవాడు. ఆదివారం మధ్యాహ్నం లిటిల్ ఇండియాలో ఒక కిరాణా కొట్టు మేడ మీద, బియ్యం బస్తాల గదిలో కూర్చునేవాడు. బోర్డు లేదు, చీటీ లేదు, పేరు రాసుకోవడం లేదు. వైద్యం జరిగినట్టు ఎక్కడా ఒక్క కాగితం పుట్టదు. అదే ఆయన మందుకున్న గొప్ప గుణం. డబ్బు కూడా అడిగేవాడు కాదు. ఇంటికి మాట్లాడుకునే ఫోన్ కార్డు ఎవరైనా చేతిలో పెడితే జేబులో వేసుకునేవాడు.

ఆ ఆదివారం బావమరిదికి మూడు రోజుల జ్వరం, నడుము నొప్పి. వాణ్ణి తీసుకుని నేనే వెళ్లాను. మెట్ల మీద పది పన్నెండు మంది వరసగా కూర్చున్నారు.

"ఏటి కంప్యూటర్ బాబూ, నీకూ జొరమేటి?" అన్నాడు డాక్టరు మావ నన్ను చూసి.

"నాకు కాదు, వీడికి."

"మరి నువ్వు పక్కకి జరుగు. నీది ఏసీ రోగం, దానికి నా దగ్గర మందు నేదు."

మెట్ల మీద అందరూ నవ్వారు. బావమరిది కూడా నవ్వాడు. ఆ నవ్వు నేను మరిచిపోలేదు.

వాణ్ణి బస్తా మీద బోర్లా పడుకోబెట్టి పిర్రకు సూది వేశాడు. వాడు ఒక్కసారి ఎగిరిపడ్డాడు. "కాలంతా జివ్వుమంది మావా" అన్నాడు. "జివ్వుమంటేనే మందు దిగినట్టు. లే" అన్నాడు మావ. వాడు లేచాడు. మెట్లు దిగుతుంటే వాడి కుడికాలి చెప్పు పైమెట్టు మీదే ఉండిపోయింది. వెనక వస్తున్నవాడు పిలిచి చెప్పేదాకా కాలికి చెప్పు లేదని వాడికి తెలియలేదు.

సోమవారానికి పాదం పైకి లేవడం మానేసింది. వేళ్లు నేలకు రాసుకుంటూ నడిచేవాడు. పరంజా ఎక్కేటప్పుడు ముందు ఎడమకాలు పెట్టి, కుడికాలిని ప్యాంటు పట్టుకుని చేత్తో పైకి లాక్కునేవాడట. ఆ మాట నాకు వాడు చెప్పలేదు, వాడి గదిలో ఉండేవాడు చెప్పాడు.

ఒక విషయం ఎవరూ నన్ను అడగలేదు, అయినా రాస్తాను. ఆ శుక్రవారం వాడు ఫోన్ చేసి కంపెనీ డాక్టరు దగ్గరికి వెళ్తానన్నాడు. పర్మిట్ పొడిగించే నెలలో ఎమ్సీ ఎందుకు, ఆదివారం దాకా ఓర్చుకో అని చెప్పింది నేనే.

తర్వాతి ఆదివారం మళ్లీ వెళ్లి మావను నిలదీశాను. ఆయన వాడి కాలు తన ఒళ్లో పెట్టుకుని నూనె రాస్తూ, "నరం పట్టీసింది. వారంలో వొదిలీస్తాది" అన్నాడు. "సూది వల్లే కదా?" అంటే ఇంకో చుక్క నూనె పోసుకున్నాడు. నేను ఇదే మాట మూడుసార్లు అడిగాను. మూలనున్న డబ్బాలో వాడేసిన సిరంజీ, మందు సీసా కనిపిస్తే రుమాల్లో చుట్టుకుని ఇంటికి తెచ్చాను.

ఆ మూటను ఫ్రిజ్ మీద పెట్టి, ఆరోగ్యశాఖ ఆఫీసరుకు ఇస్తానని నా భార్యకు చెప్పి పడుకున్నాను. పొద్దున్న లేచేసరికి అవి రెండూ వంటగట్టు మీద, చెంచాల పక్కన బోర్లించి ఉన్నాయి.

"ఇవెందుకు కడిగావు?" అన్నాను.

"ఆఫీసరు చేతికిచ్చే వస్తువు మకిలిగా ఎలా ఇస్తారండీ?" అంది నా భార్య.

"అది సాక్ష్యం."

"సాక్ష్యమైతే మాత్రం శుభ్రంగా ఉండకూడదా?"

తెలియక కడిగిందా, తెలిసే కడిగిందా, నాకు ఇప్పటికీ తెలియదు. వాడు ఆమెకు ఒక్కడే తమ్ముడు. ఫిర్యాదు పడితే ముందు వాడి పర్మిటే పోతుందని ఆమెకు తెలుసు.

సెలవు పెట్టి ఆరోగ్యశాఖ ఆఫీసుకు వెళ్లాను. నా నంబరు పిలిచే సమయానికి మకాన్ టైమ్, అంటే భోజనాల వేళ, అని కౌంటరు మూశారు. గంట కూర్చున్నాను. తర్వాత వచ్చిన చిన్న వయసు ఆఫీసరమ్మ మర్యాదగానే మాట్లాడింది. ఆ మర్యాదే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

"పేషంట్ మీరేనా అంకుల్?"

"కాదు, నా బావమరిది."

"ఆయన వచ్చి చెప్తారా?"

"రాడు. భయం."

"డబ్బు తీసుకున్నాడా? బిల్లు ఏదైనా ఉందా?"

"కాగితం ఉండదమ్మా. ఉండదు కాబట్టే వాళ్లు అక్కడికి వెళ్తారు."

ఆమె నేనిచ్చిన సంచీ తెరిచి సిరంజీని పైకి ఎత్తి చూసింది. వాసన చూసి, "నిమ్మకాయ వాసన వస్తోంది" అంది. మా ఇంట్లో గిన్నెలు తోమే సబ్బు అది. "పేషంట్ రావాలి. ఆయన వచ్చి చెప్తే రేపే వెళ్తాం" అని సంచీ నా వైపు జరిపింది.

ఆ రోజుల్లోనే జురాంగ్ ఈస్ట్ లైబ్రరీలో ఒక లావు పుస్తకం దొరికింది. నాలుగు వందల ఏళ్ల కిందట లండన్‌లో లైసెన్సు లేకుండా వైద్యం చేసేవాళ్లను వైద్యుల సంఘం పిలిపించి విచారించేదట. మంగళ్లు, మందులమ్మేవాళ్లు, మూలికలిచ్చే ఆడవాళ్లు. అక్కడా కొందరికి పెద్దవాళ్ల సిఫారసు ఉత్తరాలు వచ్చేవి, విచారణ మెత్తబడేది. కాని ఒక పనిమనిషి వచ్చి, ఫలానావాడి మందు తాగి నా ఒళ్లు పాడైందని చెప్తే, ఆ మాటను రికార్డులో రాసేవారు. శిక్ష పడిందో లేదో తర్వాతి సంగతి, మాట మాత్రం మిగిలింది. నేను ఆ పేజీని రెండుసార్లు చదివి, ఆ పనిమనిషి మీద అసూయపడ్డాను.

చివరికి బావమరిదిని బలవంతంగా పెద్దాస్పత్రికి తీసుకెళ్లాను. డాక్టరు పాదాన్ని పైకి ఎత్తమన్నాడు. వాడు ఎత్తలేకపోయాడు. ఎలా జరిగిందని అడిగాడు. ఇంజెక్షన్ అని నేను చెప్పాను. డాక్టరు కుర్చీని వాడి వైపు తిప్పుకుని, "నువ్వు చెప్పు. ఇంజెక్షన్, యెస్ ఆర్ నో?" అన్నాడు.

వాడు నా వైపు చూడలేదు. "నో ఇంజెక్షన్. లాడర్. స్లిప్" అన్నాడు.

డాక్టరు రాసుకున్నాడు. ఇన్నాళ్లకు ఒక కాగితం పుట్టింది, అందులో అబద్ధం ఉంది.

వరండాలోకి వచ్చాక, "ఒరే, అలాగెందుకు చెప్పావు?" అన్నాను.

"నిజం సెప్తే మావని అట్టుకుపోతారు బావా. రేపు మెట్ల మీదున్నోలందరినీ ఎవుడు సూస్తాడు? నువ్వు సూస్తావా?"

"మరి నీ కాలో?"

"నా కాలు సంగతి నాను సూసుకుంటాను. నువ్వు నీ కంప్యూటర్ సూసుకో."

ఆ కాగితం చూసి, నిచ్చెన మీంచి పడితే ఆ రోజే ఎందుకు చెప్పలేదని కంపెనీవాళ్లు నిలదీశారు. నెల తిరక్కుండా ఇండియాకు పంపించేశారు. విమానాశ్రయానికి డాక్టరు మావ కూడా వచ్చాడు. వాడి పెట్టె ఆయనే మోశాడు. లోపలికి వెళ్లేముందు వాడు ఆయన చేతులు పట్టుకున్నాడు, అక్క భుజం మీద తల పెట్టాడు. నాకు దూరం నుంచి చెయ్యి ఊపాడు. ఆ తర్వాత కూడా ఆదివారాలు ఆ మెట్లు నిండుతూనే ఉన్నాయి. మావను ఎవరూ పట్టుకోలేదు. పర్మిట్ అయిపోయాక ఆయన మామూలుగానే ఇంటికి వెళ్లాడు.

నేను ఫోన్ చేసిన ప్రతిసారీ, "అక్కకి ఇవ్వు బావా" అంటాడు వాడు, లేదా వాళ్లావిడ చేతికిస్తాడు. పాదానికి ప్లాస్టిక్ పట్టీ పెట్టుకుని నడుస్తున్నాడని ఆమే చెప్తుంది.

ఒరే, ఇది నీకు పోస్టులో పంపుతున్నాను. ఇప్పుడు నీకు పర్మిట్ లేదు, సూపర్‌వైజరు లేడు. డాక్టరు మావను పట్టుకుపోయేవాళ్లు కూడా ఎవరూ లేరు. శుక్రవారం నేనన్న మాటకు నన్ను తిట్టాలంటే తిట్టు, పడతాను. కాని ఆ బస్తా మీద నీకు సూది వేశాడా, లేదా? ఫోను ఎవరికీ ఇవ్వకుండా నువ్వే జవాబు చెప్పు.