అందరికంటే పెద్దావిడ

బల్గేరియాలోని ప్లోవ్‌దివ్ ఊళ్లో ఆడవాళ్ల అసలు వయసులు రెండే చోట్ల దొరికేవి. ఒకటి మున్సిపాలిటీ రిజిస్టరు, రెండోది జింబూల్ అసా బుర్ర. రిజిస్టరులోనైనా తప్పులుండవచ్చు గానీ జింబూల్ బుర్రలో ఉండవు. నలభై ఒక్క ఏళ్లు ఆవిడ ఆ ఊరి తలలకు రంగు వేసింది. ఎవరి పాపిట ఎప్పుడు తెల్లబడిందో, ఎవరు ఏ ఏడు నుంచి వయసు పెరగడం మానేశారో అంతా ఆవిడకు కంఠతా వచ్చు. ఒక్కరిదీ బయటపెట్టిన పాపాన పోలేదు. అందుకే ఆ ఊరి ఆడవాళ్లు డాక్టర్లను మార్చారు, ఇళ్లు మార్చారు, ఒకరిద్దరు మొగుళ్లను కూడా మార్చారు గానీ జింబూల్‌ను మార్చలేదు.

ఊరందరి గుట్టు కాపాడిన మనిషి తన గుట్టు వదులుకుంటుందా? ఎనభై నాలుగు నిండినా డెబ్బై ఎనిమిది దగ్గర బైఠాయించి కూర్చుంది.

ఏటా మే నెలలో ఐదు రోజులు వెలింగ్రాద్‌లో, వేడినీళ్ల ఊటల పక్కనున్న హోటల్లో, పెద్ద వయసు యూదులు, ఎక్కువగా జింబూల్ లాంటి ప్లోవ్‌దివ్ వాళ్లే, చదువుకోవడానికి చేరతారు. చదువంటే నిజంగా చదువే. పొద్దున పండగల మీద పాఠం, ఆ తరువాత, ఎప్పుడో స్పెయిన్ నుంచి వచ్చిన వంశాలు కాబట్టి, అమ్మమ్మలు మాట్లాడిన పాత స్పానిష్‌లో పాటలు, మధ్యాహ్నం వంటో చేతిపనో. మధ్యమధ్యలో గురక. చిన్నప్పుడు ఎవరూ చెప్పనివి, చెప్పనివ్వనివి ఇప్పుడు నేర్చుకుంటున్నారు కాబట్టి అల్లరి కూడా చిన్నపిల్లల అల్లరే. పాఠం చెప్పడానికి వచ్చిన ప్రొఫెసరును మొదటి రోజే ఏడిపించి వదిలిపెట్టారు.

ఈసారి ఆ తరగతిలో ఒక కొత్త ముఖం ఉంది. రూసే నుంచి వచ్చిన సాంతో మజార్, ఎనభై ఏళ్ల వాడు, మందుల షాపు నడిపి విశ్రాంతి తీసుకుంటున్నాడు, భార్య పోయి ఆరేళ్లయింది. మెడలో పట్టు రుమాలు కట్టుకునేవాడు. మొదటి రోజు సాయంత్రమే జింబూల్‌ను డాన్సుకు పిలిచాడు.

"అడక్కూడదు గానీ, మీకు ఎన్నేళ్లండీ?" అన్నాడు.

"డెబ్బై ఎనిమిదండీ."

"మీరు నన్ను ఆటపట్టిస్తున్నారు. డెబ్బై అయిదు దాటలేదు మీకు."

ఆ మాటతో జింబూల్ మోకాళ్ల నొప్పులు రెండు పాటల సేపు ఎటో పోయాయి. గదిలోకి వచ్చాక అద్దం ముందు చాలాసేపు నిలబడింది. ఆ గదిలో ఆవిడతో ఉన్నది వెనేజియా పిన్కాస్, పాత స్నేహితురాలు, పాత పోటీదారు.

"ముసలాడు గాలం వేశాడు, నువ్వు చేపలాగా నోరు తెరిచావు," అంది వెనేజియా.

"నీకు వెయ్యలేదని కుళ్లా?"

"నాకెందుకే? నాకు మొగుళ్లు ఇద్దరయ్యారు, చాలు."

బుధవారం మధ్యాహ్నం చేతిపని. శుక్రవారం సాయంత్రం, యూదుల విశ్రాంతి దినం మొదలయ్యే ముందు వెలిగించే సబ్బాతు దీపానికి వత్తులు చెయ్యాలి. గ్లాసులో సగం నీళ్లు, పైన నూనె, నూనె మీద తేలే బెండులో దూదివత్తి. దూది పట్టుకుంటే మిగతా వాళ్ల చేతుల్లో పురుగులు, గుడ్లగూబలు తయారయ్యాయి. జింబూల్ మాత్రం అరచేతిలో ఒక్క తిప్పు తిప్పితే సన్నటి వత్తి వచ్చేది. జుట్టు చుట్టిన వేళ్లు కదా. అందరూ ఆవిడ చుట్టూ మూగారు.

అప్పుడే నిర్వాహకురాలు క్లారా చప్పట్లు కొట్టింది. క్లారాకు యాభై ఏళ్లు, అందరినీ పిన్నీ, బాబాయీ అని పిలుస్తూనే అందరినీ హద్దులో పెడుతుంది.

"మన సోల్చి పిన్ని పోయిన చలికాలంలో కన్నుమూసింది. తొమ్మిదేళ్లు ఆవిడే దీపం వెలిగించింది, నిరుడైతే తొంభై మూడు అని ఛాతీ విరుచుకుని చెప్పి మరీ. మన పద్ధతి మీకు తెలుసు, ఇక్కడ అందరికంటే పెద్దావిడే వెలిగించాలి. నా దగ్గర జాబితా ఉంది. కానీ నేను చదవను. చదివితే వచ్చే ఏడు మీరెవరూ రారు. ఆ పెద్దావిడ తనే లేచి రావాలి."

గది నిండా దగ్గులు. ఇరవై ఇద్దరు ఆడవాళ్లు ఒక్కసారిగా పైకప్పులో ఏదో వెతకడం మొదలుపెట్టారు.

జింబూల్ చేతిలో వత్తి ఆగిపోయింది. ఆ ఇరవై రెండు తలల్లో అన్నిటికంటే పాతది తనదేనని ఆవిడకు తెలుసు. ఈ సంగతి ఎవరైనా ఆవిడనే అడిగి తెలుసుకోవాలి కూడా!

గురువారం వెనేజియా మంచం మీద కూర్చుని జోళ్లు విప్పుతూ, "నేను లేస్తానే," అంది.

"ఎందుకు?"

"నీకు తెలియందేముంది, నాకు ఎనభై ఒకటి. మిగిలినవాళ్లంతా పిల్లకాయలు. ఇక దాచి ఎవరిని మోసం చెయ్యాలి?"

జింబూల్ నోరు తెరిచింది. సాంతో పట్టు రుమాలు కళ్లముందు మెదిలింది. నోరు మూసింది. తన మీద తనకే ఒళ్లు మండింది.

ఆవిడకు ఆ దీపం కావాలి. డాన్సు కన్నా, రుమాలు కన్నా కావాలి. తల్లి ప్రతి శుక్రవారం బట్టల బీరువా తలుపు తెరిచి, కోట్లు పక్కకు జరిపి, లోపల గ్లాసులో వెలిగించేది. బీరువా కాలిపోతుందని తండ్రి బాల్చీతో నీళ్లు పట్టుకుని నిలబడేవాడు. మతమంటే పడని కమ్యూనిస్టు సర్కారు ఉన్న ఆ రోజుల్లో అది కిటికీలో పెట్టే వస్తువు కాదు. తరువాత జింబూల్ భర్తది ఫ్యాక్టరీలో పెద్ద కుర్చీ, దానికి ముప్పని ఆ ఇంట్లో బీరువాలో కూడా దీపం లేకపోయింది. ఒంటరిగా మిగిలాక వెలిగించుకోవచ్చు, ఎవరూ అడగరు. కానీ ఒంటరిగా వెలిగిస్తే అది మళ్లీ బీరువాలో వెలిగించినట్టే అనిపించి ఊరుకుంది. నలుగురి మధ్య, తలుపులు బార్లా తీసి వెలిగించాలి. ఇన్నేళ్లకు ఆ వంతు వచ్చింది, అడ్డంగా ఆరేళ్ల అబద్ధం పడుకుంది.

శుక్రవారం సాయంత్రం, ఎండ ఇంకా కొండ మీద ఉండగానే, భోజనాల హాల్లో అందరూ చేరారు. బల్ల మీద తెల్లటి గుడ్డ, రెండు గ్లాసులు, వాటిలో జింబూల్ చేసిన వత్తులు. వెనేజియా లేచింది.

"ఎనభై ఒకటి!" అని ప్రకటించింది. చప్పట్లు మోగాయి. సాంతో కూడా కొట్టాడు.

వెనేజియా అగ్గిపెట్టె అందుకుంది. పుల్ల బయటికి తీసింది.

"ఆగవే!"

ఆ కేక తనదేనని జింబూల్‌కు లేచి నిలబడ్డాక గానీ తెలియలేదు.

"నాకు ఎనభై నాలుగు," అంది. "మార్చిలో నిండాయి."

మొదట తేరుకున్నది వెనేజియా.

"దొంగముండా! ముప్పై ఏళ్లుగా నా నెత్తికి రంగు పూస్తూ, 'నీకంటే నేను మూడేళ్లు చిన్న' అని నన్ను కుళ్లబెట్టావు కదే!"

"ఆ కుళ్లుకే కదా ఇన్నేళ్లు ఇంత చక్కగా తయారయ్యావు," అంది జింబూల్.

అందరూ విరగబడి నవ్వారు. సాంతో లేచి, తన కుర్చీని పక్కకు లాగి ఆవిడకు దారి ఇచ్చాడు.

"నాకంటే నాలుగేళ్లు పెద్దవారన్నమాట," అన్నాడు. "ఇకనుంచి డాన్సులో మీరు చెప్పినట్టే నేను తిరగాలి."

జింబూల్‌కు అది విన్నట్టు కూడా లేదు. నేరుగా బల్ల దగ్గరికి నడిచింది. వెనేజియా గొణుగుతూనే అగ్గిపెట్టె చేతిలో పెట్టింది.

ముందు హీబ్రూలో దీవెన చదివి, తరువాత వెలిగించాలి. జింబూల్ పుల్ల పట్టుకుని నిలబడింది. పెదవులు కదిపింది. ఏమీ రాలేదు. వయసు ఒప్పుకోవడానికి మూడు రోజులు కొట్టుకుంది గానీ, ఆ మాటలు తనకు రావన్న సంగతి ఆవిడకు అంతవరకూ తట్టనే లేదు. చెంపలు మండిపోయాయి. అందరూ చూస్తున్నారు.

"ఏమైందే?" అని వెనేజియా చెవిలో అడిగింది.

"నాకు రాదే."

వెనేజియా ఒక్క క్షణం ఆవిడ ముఖంలోకి చూసింది. తిట్టడానికి ఇంతకంటే మంచి అవకాశం మళ్లీ దొరకదు. తిట్టలేదు. భుజం ఆనించి నిలబడి, "నా వెనకాలే అను," అంటూ ఒక్కొక్క మాటే అందించసాగింది.

జింబూల్ అందుకుంది. మొదటి మాటే వంటింట్లో వాళ్లు తొంగిచూసేంత గట్టిగా పలికింది. రెండోది ఇంకా గట్టిగా.

"మెల్లగా చెప్పవే, చెవులు పోతున్నాయి!" అంది వెనేజియా.

"మా అమ్మ మెల్లగానే చెప్పింది," అంది జింబూల్, కళ్లనీళ్లు తుడుచుకోకుండానే. "అందుకే నాకు ఒక్క ముక్కా వినపడలేదు. నువ్వు తరువాతది చెప్పు."