ముఖమల్ సోఫా మీద పసుపు

మద్రాసులో బట్టల తయారీ గురించి డిప్లొమా చదివి, ఉద్యోగం దొరక్క, నాయుడుపేటలో బావ నడిపే అద్దె సామాన్ల కొట్లో చేరాను. షామియానాలు, పెట్రొమాక్సు లైట్లు ఆయన చూసుకునేవాడు. పెళ్ళిళ్ళ నుంచి తిరిగొచ్చిన కుర్చీలకు, సోఫాకు మరకలు వదిలించడం నా వంతు.

రెక్సిన్‌తో పెద్ద బాధ లేదు. తడిగుడ్డతో తుడిచి వెంటనే పొడిగుడ్డ వేస్తే చాలు, ఎండలో వదిలితే మాత్రం పగుళ్ళిస్తుంది. నూలు గలేబులు ఉతికితే కుంచించుకుపోయి మళ్ళీ ఎక్కవు, అందుకని గుడ్డను కుట్టకముందే తడిపించేవాణ్ణి. సముద్రం పక్క పల్లెలకు పోయొచ్చిన వాటిల్లో ఉప్పు దిగి ఉండేది. మంచినీళ్ళతో రెండుసార్లు తుడవకపోతే సాయంత్రానికి మళ్ళీ చెమ్మగిల్లేవి. ఇవన్నీ కంఠతా వచ్చేశాయి. వాటితోపాటే విసుగూ వచ్చింది.

ముఖమల్ సోఫా ఒక్కటే ఉండేది, వెన్నరంగుది. అది ఉందనే జనం నెల్లూరు దాకా పోకుండా మా కొట్టుకు వచ్చేవారు.

పులికాటు ఒడ్డున ఒక పల్లెలో పెళ్ళికి పోయొచ్చిన సోఫా మీద టార్పాలిన్ తీసి చూస్తే, కూర్చునే చోట పెద్ద పసుపు మరక. పెళ్ళికూతురి చీరను పసుపునీళ్ళలో ముంచి, ఆరీఆరకముందే కడతారు. ఆ చీరతోనే ఫొటోకు కూర్చోబెట్టారు. మర్నాటి సాయంత్రానికి అదే సోఫా చిట్టమూరు పెళ్ళికి చేరాలి.

నేను నీళ్ళు తోడుకొచ్చేలోగా బావ చాకలిసోడా కలిపి రుద్దేశాడు. పసుపు కాస్తా ఎర్రబడింది.

“ఏందిరా ఇది, రక్తం మాదిరి అయిపోయినాది!” అన్నాడు నన్ను చూసి.

అక్క గుమ్మంలోంచి తొంగిచూసింది. “పసుపులో సున్నం కలిపి మన పెళ్ళిలో నా కాళ్ళకు పెట్టినారే, పారాణి. ఇప్పుడు సోఫాకు పెట్టినావా?”

“నీకు నవ్వుగా ఉందే! చిట్టమూరాయన ఈ ముఖమల్ చూసే మాటిచ్చినాడు. ఇది లేదంటే సామానంతా నెల్లూరు నుంచే తెప్పించుకుంటాడు.”

“చెయ్యి తియ్యి బావా. ఇంకా రుద్దితే నూగు ఊడిపోతుంది,” అన్నాను.

సోఫా అడుగున ఒక పోగు లాగి, తడిపి గుంజాను. తెగలేదు. నూలే. కృత్రిమ పట్టయితే తడిస్తే బలం పోతుంది, దాన్ని ముట్టుకోవడమే ప్రమాదం. నీళ్ళలో నిమ్మరసం పిండి, కనపడని మూల అద్ది చూసి, తర్వాత మరక మీద గుడ్డతో అద్దాను. ఎరుపు మెల్లగా పసుపులోకి తిరిగింది.

“పోయినాది!” అన్నాడు బావ.

“పోలేదు బావా. మొదటికొచ్చింది.”

సోడా, నిమ్మరసం రెండూ మిగలకుండా మంచినీళ్ళతో అద్దాను. లోపలి కొబ్బరిపీచు తడిస్తే వారం దాకా ఆరదు, అందుకని గుడ్డ గట్టిగా పిండాల్సి వచ్చింది. తర్వాత ఎండలో పెట్టాను. పసుపు ఎండకు వెలుస్తుంది, దానికంటే మంచి మందు లేదు. నీడ వచ్చినప్పుడల్లా సోఫాను జరపడం, రోడ్డు మీద లారీ పోయినప్పుడల్లా దుమ్ము పడకుండా దుప్పటి కప్పడం. మర్నాడు మధ్యాహ్నానికి లేత ఛాయ మాత్రం మిగిలింది. నూగును మెత్తటి బ్రష్‌తో ఒకే వైపుకు దువ్వాను. తెలియనివాళ్ళకు కనపడదు.

బండికెత్తేటప్పుడు, పెళ్ళికూతురి కింద ఒక తువ్వాలు పరవమని చెప్పమన్నాను.

“ముహూర్తానికి ముందు పోయి, అమ్మా తువ్వాలు పరుచుకో అని చెప్పాల్నా? పెళ్ళే మానుకోమంటా, నీకు ఇంకా సుఖం,” అన్నాడు బావ.

పెళ్ళి బాగా జరిగింది. చిట్టమూరాయన అరటిగెల పంపి, రెండో కూతురి పెళ్ళికీ ఈ సోఫానే కావాలని కబురు చేశాడు. బావ ఆ మాట ఇద్దరు ముగ్గురికి చెప్పుకున్నాక, తిరిగొచ్చిన బండి మీది టార్పాలిన్ తీశాం. అదే చోట, కొత్త పసుపు.

“నేను ముట్టుకోలేదు చూడు,” అంటూ బావ జేబులోంచి నిమ్మకాయలు తీసి నా చేతిలో పెట్టాడు. వాటిని అరుగు మీద పెట్టి, ముందు ఒక రెక్సిన్ కుర్చీలో కాసేపు కూర్చున్నాను.