గుడ్డు తగలని అచ్చు

పద్నాలుగేళ్లుగా ఒక్క మాట మోస్తున్నాను. రెండక్షరాల మాట. నీచు. చేపకో, గుడ్డుకో వచ్చే వాసనకు వాడే మాట. అది నా నోటి నుంచి బయటపడిందని మా ఆయనకు కూడా తెలియదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నాను.

మా ఆయన తాడేపల్లిగూడెంలో ఓ చిన్న గుడి అర్చకులు. అప్పట్లో మా ఎదురింట్లో రత్నం గారుండేవారు. టీచరు. కొల్లేటి పల్లెలో పుట్టిన మనిషి. నన్ను వదినగారూ అని పిలిచేవారు. క్రిస్మస్‌కి ముందురోజు వీధిలో ఇంటింటికీ గులాబీ పువ్వులు పంచేవారు. కొబ్బరిపాలు, పంచదార కలిపిన జారు పిండిలో కాగిన ఇనప అచ్చు ముంచి నూనెలో వదిలితే విచ్చుకుంటాయే, అవి. స్టీలు పళ్ళెం మీద అల్లిక గుడ్డ కప్పి తనే స్వయంగా తెచ్చి, "గుడ్డు వేయలేదండీ" అని చెప్పి మరీ ఇచ్చేవారు.

నేను నమ్మలేదు. గుడ్డు లేకుండా అవి అచ్చు వదలవని ఎవరో అనగా విన్నాను. నవ్వుతూ తీసుకుని, పెరట్లో అరటి మొదట్లో గొయ్యి తీసి పూడ్చేసేదాన్ని. పనిమనిషికిస్తే ఎక్కడ బయటపెడుతుందో అని భయం. ఖాళీ పళ్ళెం ఇవ్వకూడదు కదా! కడిగి, గుప్పెడు పంచదార పోసి, "ఎంత బాగున్నాయో అండీ" అంటూ తిరిగి ఇచ్చేదాన్ని. ఒక్క ఏడు కాదు, ఏటా. ఇదొక్కటే అయితే ఇవాళ ఇలా రాయాల్సిన పని ఉండేది కాదు.

పద్నాలుగేళ్ల కిందటి క్రిస్మస్‌కి, పళ్ళాలు పంచిన సాయంత్రమే మా ఇంట్లో ధనుర్మాసం పారాయణ. వీధిలోని ఆడవాళ్లంతా వచ్చారు. పువ్వులు ఎంత కరకరలాడుతున్నాయో చెప్పుకుంటూ ఒకావిడ నావైపు తిరిగి, "ఏవండీ, మీరూ తింటారా?" అని అడిగింది. తింటానంటే అర్చకుల ఇల్లాలినని తప్పుపడతారు. తిననంటే, మరి ఇన్నేళ్లూ ఎందుకు తీసుకున్నారంటారు. ఆ రెండింటి మధ్య నుంచి తప్పించుకోవడానికి నాకు అబద్ధమే దొరికిందా? లేక మా ఇంట్లో కూర్చుని ఆవిడ చేతిని మెచ్చుకుంటుంటే ఓర్వలేకపోయానా? ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

"నోట్లో పెట్టుకోగానే నీచు వాసన వచ్చిందండీ. పారేశాను" అనేశాను.

ఒకావిడ లేచి పంపు దగ్గరికెళ్లి నోరు పుక్కిలించింది. చేపలకు పేరుపడ్డ కొల్లేటి ఊరి మనిషి కాబట్టి ఆ మాట అతుక్కోవడానికి ఇంకేమీ అక్కర్లేకపోయింది. మరుసటి క్రిస్మస్‌కి ఉపవాసమని ఒకరు, ఒంట్లో బాగాలేదని ఒకరు పళ్ళాలు వెనక్కి పంపారు. నేను మాత్రం తీసుకున్నాను. తీసుకోకపోతే ఆ మాట నాదని ఆవిడ కనిపెట్టేస్తారని. మళ్లీ పూడ్చాను. మళ్లీ పంచదార పోశాను. ఆ తర్వాతి ఏడూ అంతే. ఆపైన ఆవిడ ఇల్లు ఖాళీ చేసి ఏలూరు వెళ్లిపోయారు.

పోయిన వారం కళ్లజోడు కోసం ఏలూరు వెళ్తే, బజారులో ఎదురుపడి ఇంటికి లాక్కెళ్లారు. కాఫీ ఇచ్చి, లోపలికెళ్లి ఓ చిన్న సంచి తెచ్చారు.

"దీన్ని మీరుంచుకోండి వదినగారూ. నా చేతులు వణుకుతున్నాయి, ఇక వేయలేనండీ. మీ అర్చకుల ఇంటికని వేరే కొన్న అచ్చు ఇది. వీధి మొత్తానికీ దీంతోనే వేసేదాన్ని. ఇంతవరకూ గుడ్డు తగల్లేదండీ."

కాఫీ గ్లాసు కింద పెట్టి సంచి అందుకున్నాను. ఆవిడ ఆగలేదు.

"వీధంతా వెనక్కి పంపినా మీరొక్కరే తిన్నారు. మీ పంచదార చూసుకునే ఆ రెండు క్రిస్మస్‌లూ గడిపానండీ. నీచు వాసన అని ఎవరన్నారో గానీ... మీకేమైనా తెలుసాండీ?"

నేనేనండీ, అనాలి. ఎంత మాట అది? పద్నాలుగేళ్ల క్రితం అంత సులువుగా తిరిగిన నాలుక ఇప్పుడెందుకు తిరగలేదు?

"తెలియదండీ" అన్నాను.

సంచి పట్టుకుని బస్సెక్కాను. ఊరు ఎలా చేరానో గుర్తులేదు.

ఈ ఉదయం మా ఆయన గుడికి వెళ్లాక, గుడ్డు లేకుండా పిండి కలిపాను. మొదటిది అచ్చుకు పట్టేసింది. రెండోది విరిగింది. నాలుగోది తనంతట తానే అచ్చు వదిలి నూనెలోకి జారింది. అదిరిపడ్డాను. చల్లారాక నోట్లో పెట్టుకున్నాను. కొబ్బరి వాసన. అంతే, ఇంకేమీ లేదు. జీవితంలో మొదటిసారి గులాబీ పువ్వు రుచి చూశాను, ఈ వయసులో.

ఆవిడకి ఉత్తరం రాద్దామని కూర్చుని మీకు రాస్తున్నాను. ఆవిడకి రాయగలనో లేదో తెలియదు. గుండె మాత్రం కాస్త తేలికపడింది, అందుకు కూడా సిగ్గుగా ఉంది. ఇంకొక్కటి మిగిలింది, అదీ చెప్పేస్తాను. నీచు వాసన వచ్చిందని నేనన్నప్పుడు ఆ పళ్ళెం మా వంటింటి గట్టు మీద, ఆవిడ పెట్టి వెళ్లినచోటే ఉంది. దాని మీది గుడ్డ నేనింకా తీయనే లేదు.